డబ్బా మోగితే పలకాలి

"పండుకోవల్ల. అంతే. మీరేమీ చేసే పన్లేదు" అంది ఎలిజబెత్.

పొదుపు సంఘం ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఇంత మంచి మాట తమతో అన్నవాళ్ళు లేరు. ఎలిజబెత్ ఈ ఊరి పిల్లే, జయరాజు కూతురు. బెంగళూరులో నేర్చుకొచ్చి కదిరిలో యోగా చెబుతోంది. బుధవారం పొద్దున తనకల్లు దారిలో ఉన్న కమ్యూనిటీ హాల్లో అందరినీ చాపల మీద పడుకోబెడుతుందట. తను పెద్ద కంచు పళ్ళెం మోగిస్తుందట. ఆ మోతకు ఒళ్ళు సడలిపోయి, ఎన్నాళ్ళుగానో రాని నిద్ర కూడా వస్తుందట. గాంగ్ బాత్ అంటారట దాన్ని. అంటే మోతలో స్నానం చేయడం.

"స్నానమంటాండావు. నీళ్ళు మేమే మోసుకోని రావల్లనా పాపా?" అంది సంఘం లీడరు తిప్పమ్మ. ఊళ్ళో కుళాయికి నీళ్ళొచ్చి వారం దాటింది మరి. అందరూ గొల్లున నవ్వారు.

వెనక వరసలో కూర్చున్న తిమ్మక్క మాత్రం నవ్వలేదు. నిద్ర మాట చెవిన పడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నిరుటి వేరుశెనగ పంట నుంచి ఆమె కంటికి సరైన నిద్ర లేదు. పోదామా అనుకుంటూనే ముందు వరస వైపు చూసింది. అక్కడ మేరాజ్ బీ, ఎలిజబెత్ మొహంలోకే గుచ్చి చూస్తూ, ప్రతి మాటకూ "ఔ ఔ" అని తల ఊపుతోంది.

'ఆ, ఊపుతాది. అందరికీ ఊపుతాది మహాతల్లి' అనుకుంది తిమ్మక్క.

తిమ్మక్క చేను, మేరాజ్ బీ చేను పక్కపక్కనే. మధ్యలో ఒక్క గట్టు. వేరుశెనగకు కాయ పట్టే వేళకు ఎదుటి గుట్ట మీది నుంచి అడవిపందులు దిగుతాయి. పొద్దు వాలగానే చేనికొకరు మంచె ఎక్కుతారు. ఆ చేలన్నిటికీ ఒక కట్టుబాటుంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదుగానీ తప్పినవాళ్ళు లేరు. ఒక చేలో రేకుడబ్బా మోగిందంటే పక్క చేలో మనిషి "ఓహోయ్" అని పలకాలి. మేలుకునే ఉన్నాను, నీకు తోడున్నాను అని. పలక్కపోతే ఆ మనిషికి ఏమో అయిందని లెక్క. డబ్బా కొట్టిన మనిషి కర్ర తీసుకుని పోయి చూడాలి. గట్టు తగాదాల్లో తలలు పగలగొట్టుకున్న వాళ్ళు కూడా పొద్దు మునిగాక డబ్బాకు మాత్రం పలుకుతారు.

అట్లాంటిది నిరుడు మేరాజ్ బీ పలకలేదు.

ఆ సాయంత్రం తిమ్మక్క ఇంటికొచ్చి ఎలిజబెత్ మాట చెబితే, మొగుడు నాగప్ప భుజాన మైకు తగిలించుకుంటూ "పోవే. నిద్ర పడితే మంచిదే కదా" అన్నాడు. ఈ ఏడు వాళ్ళ చేలో డబ్బా లేదు. సంతలో కొన్న బ్యాటరీ మైకు ఉంది. అందులో కుక్క మొరుగుడు, మధ్య మధ్య నాగప్ప గొంతుతో "హా! హోయ్! పట్టు పట్టు!" అనే కేకలు. ఒకటే పాట, తెల్లవార్లూ. పందులు రెండు రోజులు బెదిరాయి. మూడోరోజుకు నాగప్పను బాగా అర్థం చేసుకుని, ఆ కేకలు వింటూనే కాయలు తవ్వుకు తిన్నాయి.

"ఆయమ్మ కూడా వస్తాదంట ఆడికి" అంది తిమ్మక్క.

"ఎవురు, మేరాజ్ బీనా? రానీలే. నీ చాప నీది, ఆయమ్మ చాప ఆయమ్మది."

"నేను కాలు మడతపడి కాలవలో పడుంటి కదా. డబ్బా కొడితి, గొంతు పోయేట్టు పిలిస్తి. ఆయమ్మ చేలో టార్చిలైటు తిరుగుతానే ఉండాది. ఒక్క పలుకు పలకల్యా. మర్నాడు అడిగితే ఏమన్నింది? నిద్రపోయినా అన్నింది. నిద్రపోయిన మనిషి చేతిలో లైటు తిరుగుతాదా?"

ఇది నాగప్ప ఎన్నోసారి వింటున్నాడో ఆయనకే తెలీదు. నీ కాలు బాగయింది కదా అని ఒకసారి అన్నందుకు ఆ పూట రాగిసంగటి మీదికి పచ్చడి కూడా రాలేదు. అందుకని ఈసారి మైకు సర్దుకుని వెళ్ళిపోయాడు.

కాలు నిజంగానే బాగయింది. బాగుకానిది ఇంకొకటి ఉంది. చిన్నప్పుడు కలిసి మేకలు కాసిన మనుషులు వాళ్ళు. ఒకే ఏడాది ఇద్దరూ ఈ ఊరి కోడళ్ళయ్యారు. నిరుటి నుంచి ఉగాదికి తిమ్మక్క ఇంటి ఓలిగలు ఆ ఇంటికి పోలేదు, రంజానుకు ఆ ఇంటి సేమ్యా ఈ ఇంటికి రాలేదు. దారిలో తిమ్మక్క వెనకనుంచి దగ్గితే కూడా మేరాజ్ బీ తిరిగి చూడలేదు. ఇంత పొగరెప్పుడొచ్చింది దీనికి అని తిమ్మక్క ఊరందరి దగ్గరా అంది. అన్న ప్రతిసారీ ఇంటికొచ్చి అన్నం సహించక పడుకుంది.

బుధవారం పొద్దున గాంగు హుస్సేన్ పీరా ఆటోలో దిగింది. హుస్సేన్ పీరా మేరాజ్ బీ మొగుడు. తనకల్లుకూ కదిరికీ మధ్య ఆటో తోలుతాడు. దుప్పటిలో చుట్టిన పళ్ళెం చాట కంటే పెద్దది. దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టి, బయటికొచ్చి నాగప్ప పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమప్పా, మగోళ్ళకి లేదా ఈ పండుకునే పని?"

"మనకి ఎవురూ చెప్పకపోయినా పండుకుంటాం కదా పీరా" అన్నాడు నాగప్ప.

తిమ్మక్క ఆలస్యంగా వచ్చింది. పొద్దున్నే చేలో కలుపు తీసి, చేతులు కూడా సరిగా కడుక్కోకుండా వచ్చింది. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తుంటే హుస్సేన్ పీరా మాట చెవిన పడింది.

"మా అవతలి చేను దాసప్ప చెప్తాండాడు నాగప్పా, డబ్బా కొడితే మా బీబీ పలకడమే లేదంట. కావిలికి పోయి నిద్రపోయేదానికి చేనెందుకు? సోలారోళ్ళు లీజుకి అడుగుతానే ఉండారు. ఈ వారం చూస్తా. మళ్ళీ దాసప్ప నోటినుంచి ఆ మాట వచ్చిందంటే ఇచ్చేస్తా. ఆడ అద్దాలు పరుచుకుంటారు, ఈమె ఇంట్లో పండుకుంటాది."

"మేరాజ్ బీ ఒప్పుకుంటాదా?"

"ఒప్పుకోదు. ఆ చేను ఆమెకి ప్రాణం. ఐతే ఏం చేద్దాం?"

తిమ్మక్కకు గుండెలో ఏదో కదిలింది. కదిలినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. పోతే పోనీ నాకేం, అనుకుని లోపలికి వెళ్ళింది. హాలంతా చాపలు నిండిపోయాయి. కొందరు గోనెపట్టలు తెచ్చుకున్నారు, తిప్పమ్మ ఏకంగా పరుపు తెప్పించుకుంది. ఖాళీగా ఉన్నది ఒకే ఒక్క చాప. అది మేరాజ్ బీ పక్కన.

"కూసో పెద్దమ్మా, ఆలస్యమైతాంది" అంది ఎలిజబెత్.

తిమ్మక్క అటు వీపు తిప్పి పడుకుంది. 'కళ్ళు మూసుకోండి' అని ఎలిజబెత్ చెప్పింది. అందరూ మూసుకున్నారు. మేరాజ్ బీ మాత్రం అటూ ఇటూ చూసి, అందరి కళ్ళూ మూసుకుని ఉండడం గమనించి, అప్పుడు మూసుకుంది. తిమ్మక్క అది చూడలేదు, ఆమె వీపు అటుంది కదా.

మొదట మోత వచ్చిందో లేదో తెలీనంత మెల్లగా వచ్చింది. ఎలిజబెత్ గుడ్డ చుట్టిన కర్రతో పళ్ళెం అంచును తాకుతోంది. గుయ్యిమని ఒక రొద నేలంతా పాకింది. తిమ్మక్క గోళ్ళలో ఇరుక్కున్న మట్టిని బొటనవేలితో గీరుకుంటూ కాసేపు ఉంది. చేతులు ఊరికే ఉండడం వాటికి అలవాటు లేదు. కలుపు ఇంకా సగం చేనుంది, బర్రెకు కుడితి పెట్టలేదు, నాగప్ప మైకు బ్యాటరీ చార్జింగు పెట్టాడో లేదో అనుకుంది. రొద పెరుగుతూ తగ్గుతూ వచ్చి పోతూంది. గీరుకునే వేలు ఆగింది. ఎప్పుడు ఆగిందో ఆమెకు తెలీదు. పక్కన ఎవరో గురక తీస్తున్నారు, అది తిప్పమ్మే అయ్యుంటుంది. ఫ్యాను తిరుగుతోంది. చల్లగా ఉంది. మంచె మీద ఉన్నట్టుంది. గుట్ట మీది నుంచి గాలి వస్తోంది...

ఎలిజబెత్ చేయి ఎత్తి పళ్ళెం నడిమధ్య గట్టిగా కొట్టింది.

"ఓహోయ్!"

తిమ్మక్క లేచి కూర్చుంది. కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి. చేయి పక్కన కర్ర కోసం వెతుకుతోంది. ఆమె గొంతు హాలు గోడలకు తగిలి తిరిగొచ్చేలోపే ఆ మూల పరుపు మీదినుంచి తిప్పమ్మ, గురకలోంచి నేరుగా, "ఓహోయ్!" అంది. కిటికీ దగ్గర ఇంకొకరు. తలుపు దగ్గర మరొకరు. "ఓహోయ్! ఓహోయ్!" హాల్లో పడుకున్న ఆడవాళ్ళందరూ, చేలూ పందులూ గుట్టా ఏవీ లేని ఆ నాపరాతి బండల మీద, నిద్రలోనే వరసగా పలికారు.

తర్వాత కళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకున్నారు. ఆ నవ్వు ఇంతా అంతా కాదు. తిప్పమ్మ కడుపు పట్టుకుని పరుపు మీదినుంచి దొర్లి కింద పడింది. బయట అరుగు మీది మగవాళ్ళు ఏమైందోనని కిటికీలోంచి తొంగి చూశారు. ఎలిజబెత్ కర్ర పక్కన పెట్టేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నా నోట్లోంచి కూడా రాబోయింది పెద్దమ్మా. పట్టుకున్నా" అంది.

తిమ్మక్కకు సిగ్గు ముంచుకొచ్చింది. మొదలుపెట్టింది తనే కదా. ఆ సిగ్గులో ఆమె మొదట చూసింది మేరాజ్ బీ వైపే. అది ఎంత నవ్వుతోందో చూద్దామని.

మేరాజ్ బీ నవ్వడం లేదు. లేవలేదు, కదల్లేదు. కళ్ళు మూసుకుని, మొహం నిండా ఏదో హాయితో వెల్లకిలా పడుకుని ఉంది.

తిమ్మక్కకు ఒళ్ళు భగ్గుమంది. నిద్రపోయేవాళ్ళు పలికారు, గురక పెట్టేవాళ్ళు పలికారు. హాల్లో పలకనిది ఒక్కతే. ఈడ కూడానా? అంత పగనా?

"సరే, సరే. మళ్ళీ పండుకోండి. ఈతూరి మెల్లగా వాయిస్తా" అంది ఎలిజబెత్.

రొద మళ్ళీ మొదలైంది. తిమ్మక్క ఈసారి మేరాజ్ బీ వైపు తిరిగి పడుకుంది. కళ్ళు మూసుకోలేదు. చూడాలనే చూసింది, దాని మొహంలో పగ ఎక్కడుందో కనిపెడదామని. కనిపించింది చేయి. మేరాజ్ బీ కుడి చేయి చాప దాటి, బండ మీద బోర్లా ఆనించి ఉంది. మోత పెరిగినప్పుడు ఆ వేళ్ళు కొంచెం విచ్చుకుంటున్నాయి. మోత తగ్గినప్పుడు బండకు ఇంకా గట్టిగా అదుముకుంటున్నాయి. ఆవు పొట్టలో దూడ కదలికను తడిమి చూసే చేయి లాగా ఉంది అది.

తిమ్మక్క చాలాసేపు ఆ చేతిని చూసింది. తర్వాత మోచేతి మీద లేచి, మేరాజ్ బీ చెవి దగ్గరికి నోరు తెచ్చింది.

మేరాజ్ బీకి ఒక పట్టింపు ఉంది. పంది అనే పేరు నోట తీయదు. 'నల్లవి' అంటుంది. ఎవరైనా అంటే రెండు చెంపలూ వాయించుకుని "తోబా తోబా" అంటుంది. మేకలు కాసే రోజుల్లో తిమ్మక్క కావాలనే చెవిలో అనేసి పరుగెత్తేది, ఆమె తోబా తోబా అంటూనే రాళ్ళు విసురుతూ వెంటపడేది.

"పంది" అంది తిమ్మక్క.

మేరాజ్ బీ కదల్లేదు.

"మేరాజూ. పంది. పందే. నీ పక్కనే ఉండాది."

మూసిన కళ్ళ మీద రెప్ప కూడా అదరలేదు. పెదాల మీద ఆ హాయి అట్లాగే ఉంది.

తిమ్మక్కకు అన్నీ ఒక్కసారిగా తెలిసొచ్చాయి. దారిలో దగ్గినా తిరిగి చూడకపోవడం, అన్నిటికీ ఔ ఔ అనడం, ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని మొహంలోకి గుచ్చి చూడడం, ఆ రోజు చేలో తిరుగుతూ ఉన్న టార్చిలైటు. పొగరు కాదు, పాడు కాదు. పలక్కపోతే పోయి చూడాలి అనే కదా కట్టుబాటు. ఆ రోజంటే కాలు విరిగినట్టయింది. తర్వాత ఒక ఏడాది పొడుగునా రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి కదా, ఒక్కరోజైనా పోయి చూశానా? చూడకపోగా ఊరంతా తిరిగి ఆడిపోసుకున్నా. తిమ్మక్కకు ఏడుపొచ్చింది. ఆపుకోలేక ఏడ్చింది. కన్నీళ్ళు మేరాజ్ బీ చెంప మీద పడ్డాయి.

మేరాజ్ బీ కళ్ళు తెరిచింది. ఒక ఏడాదిగా మాటల్లేని మనిషి తన మొహం మీదికి వంగి ఏడుస్తోంది.

"ఏమైందే నీకి?" అని హాలంతా మోగేట్టు అరిచింది.

"ష్! ఎవుర్మే అది? పడక పడక నిద్ర పడితే!" అని తిప్పమ్మ కసిరింది.

తిమ్మక్క మేరాజ్ బీ చేయి పట్టుకుని, వంగి వంగి నడుస్తూ, వెనక తలుపులోంచి బయటికి లాక్కుపోయింది. ఎండిన కుళాయి గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. తిమ్మక్క తన చెవిని చూపించి, చేయి ఆడించి, పెదాలు బాగా కదుపుతూ అడిగింది.

"వినపడదా?"

మేరాజ్ బీ మొహం పాలిపోయింది. లేదని చెప్పబోయి, తిమ్మక్క కళ్ళు చూసి ఆగింది.

"దగ్గరగా, మొగం చూసి మాట్లాడితే రవ్వంత తెలుస్తాది. దూరమైతే ఏమీ లేదు. రెండేండ్లాయ" అంది. అరవకుండా అనాలని చూసిందిగానీ సగం మాటలు కేకలే అయ్యాయి. తిమ్మక్క ఆమె నోటి మీద చేయి పెట్టింది. "ఎవురికీ చెప్పద్దు మే. మా ఇంటాయనకి తెలిస్తే చేను సోలారోళ్ళకి ఇచ్చేస్తాడు. చెవులు లేనిదానికి కావిలేంది అంటాడు. పొద్దన్నుంచి నాలుగు గోడల మధ్య కూచోని ఏం చేయల్ల నేను? సచ్చిపోతా."

"నాకి చెప్పకూడదా? నాకి!" తిమ్మక్క రొమ్ము మీద కొట్టుకుంది.

"నీకి చెప్తే ఊరికి చెప్పినట్లే కదే."

ఇది అబద్ధమని తిమ్మక్క అనలేకపోయింది. ఆమె నోటి సంగతి ఆమెకు తెలుసు. కళ్ళు తుడుచుకుంది. ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది.

"ఆ దినం నేను కాలవలో పడుంటి. నిన్నే పిలిచినా."

మేరాజ్ బీ ఆమె పెదాలనే చూస్తూ ఉంది. "నల్లవి వచ్చినాయేమోనని లైటు తిప్పుకుంటా ఉన్న్యా. పొద్దన్నే నీ కాలు చూస్తి. చూసినంక నిజం చెప్పేకి నోరు రాల్యా. నిద్రపోయినా అంటి." ఆమె చేయి చాచి, తిమ్మక్క మడమ మీద పెట్టింది. అక్కడే ఉంచింది. లోపలినుంచి మోత మెల్లగా వస్తూనే ఉంది.

"ఆ పళ్ళెం బాగుండాది మే" అంది మేరాజ్ బీ. "ఎన్నాళ్ళకో ఒక శబ్దం నా దగ్గరికి వచ్చె. బండలో నుంచి వచ్చె, చేతిలోకి."

తిమ్మక్క ఆ మాట ఇంటిదాకా మోసుకుపోయింది. నోరు కట్టేసుకోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. తిప్పమ్మ దారిలో ఎంత గుచ్చి అడిగినా, "గాంగు బాగుండె, నిద్ర బాగొచ్చె" అని తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. ఇంటికి రాగానే అటక ఎక్కింది. బోరు ఎండిపోయాక మోటరును పైకి తీసినప్పుడు, దానికి కట్టిన నైలాన్ తాడు చుట్టలు చుట్టి పెట్టారు. దాన్ని కిందికి విసిరింది.

"ఎందుకే అది?" అన్నాడు నాగప్ప.

"బట్టలారేసేకి."

"ఎవురి బట్టలు? ఊరందరివా?"

"గమ్మునుండు. ఈ దినం నుంచి కావిలికి నేను పోతా. నీ మైకు నువ్వు పెట్టుకో, పందులకి నీ పాట నోటికొచ్చింది."

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ కలిసి పంగకర్రలు నాటారు. తాడు నేల మీద పడకుండా, వేరుశెనగ చెట్లకు తగలకుండా, కర్ర నుంచి కర్రకు లాగి, తిమ్మక్క మంచె నుంచి మేరాజ్ బీ మంచెదాకా గట్టు దాటించారు. మేరాజ్ బీ నేలను కాలితో తొక్కి గట్టిపరిచింది, తిమ్మక్క ముడి వేసింది. వేసిన ముడి మేరాజ్ బీకి నచ్చలేదు, విప్పి మళ్ళీ వేసింది. "పంట కొట్టుకున్నంక కదిరికి చెవి డాక్టరు దగ్గరికి పోదాం. నా కాలు చూపించేకి అని చెప్తా మీ ఇంటాయనకి" అని తిమ్మక్క మొహంలో మొహం పెట్టి చెప్పింది. మేరాజ్ బీ "ఔ ఔ" అంది. అది విని అన్నదో ఊరికే అన్నదో తెలీక తిమ్మక్క మళ్ళీ చెప్పించింది.

పొద్దు వాలింది. ఈ పక్క మంచె మీద తిమ్మక్క, ఆ పక్క మంచె మీద మేరాజ్ బీ, వాళ్ళకవతల చేలో దాసప్ప. బాట మీద హుస్సేన్ పీరా ఆటో వచ్చి ఆగింది. అతను దిగి, బీడీ ముట్టించి, చేలవైపు చూస్తూ నిలబడ్డాడు. ఎందుకొచ్చాడో తిమ్మక్కకు తెలుసు.

ఒకసారి చూద్దామని తాడు లాగింది. అటునుంచి ఏమీ లేదు. మళ్ళీ లాగింది. తాడు వదులుగా ఊగింది. నిరుటి సాయంత్రమే మళ్ళీ వచ్చినట్టయింది. కర్ర తీసుకుని మంచె దిగి, గట్టు దాటి పరుగులాంటి నడకతో పోయింది.

మంచె కింద పరిచిన తువ్వాలు మీద మేరాజ్ బీ సాయంత్రం నమాజులో ఉంది. తాడు చివర మంచె కాలికి తగిలించి ఉంది. తిమ్మక్క ఊపిరి పీల్చుకుని, పక్కన గడ్డిలో కూర్చుని, అయ్యేదాకా కనిపెట్టుకుంది. మేరాజ్ బీ తల తిప్పి చూసి, "వచ్చినావా?" అంది.

"రాకేం చేస్తా? పలక్కపోతివి కదా" అంది తిమ్మక్క. తాడును తీసి, తనే ఆమె మణికట్టుకు తగిలించి, తన మంచెకు పరుగెత్తింది.

పైకి ఎక్కీ ఎక్కకముందే అవతల దాసప్ప డబ్బా మోగింది. టంగ్ టంగ్ టంగ్. బాట మీద హుస్సేన్ పీరా బీడీ నోట్లోంచి తీశాడు. తిమ్మక్క ఉన్న బలమంతా పెట్టి తాడు లాగింది.

అటునుంచి వచ్చిన లాగుడుకు మంచె మీదినుంచి పడబోయి గుంజను పట్టుకుంది.

"ఓహోయ్!"

ఆ కేకకు గుట్ట మీద పిట్టలు లేచాయి. ఎంత గట్టిగా అరుస్తోందో పాపం అరిచే మనిషికి తెలీదు.

"మేరాజక్కా! నువ్వేనా పలికింది?" అని దాసప్ప అవతలినుంచి అడిగాడు.

మేరాజ్ బీ గుట్టవైపు చూస్తూ, చేతిలో తాడు పట్టుకుని కూర్చుని ఉంది. హుస్సేన్ పీరా వింటున్నాడు. తిమ్మక్క మంచె మీద లేచి నిలబడి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"ఆయమ్మే! డబ్బాకి పలికింది కదప్పా, ఇంగ నీతో ముచ్చట్లు కూడా పెట్టల్లనా? నీ చేను నువ్వు చూసుకో!"

కాసేపటికి బాట మీద ఆటో స్టార్టయి, వెనక్కి తిరిగి ఊరివైపు పోయింది. తిమ్మక్క తాడును ఒకసారి మెల్లగా లాగింది. అటునుంచి అంతే మెల్లగా ఒక లాగు వచ్చింది.